క్లెమాన్స్ పిన్ని ఇల్లు

మార్సో చెయ్యి చాపాడు. నదేజ్ తన అరచేత్తో దాని మీద చెళ్ళున ఒక్కటి చరిచింది. అంతే, ఇల్లు అమ్ముడుపోయింది.

చాపింది ఎడమ చెయ్యి. కుడి భుజాన్ని ఆ చలికాలం మొదట్లో ఒక ఆవు గోడకేసి నొక్కింది. అప్పట్నుంచీ ఆ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. “ఎడమదైతే ఏం, ఇదీ నాదేగా. దీని మాటా మాటే,” అన్నాడు మార్సో. ఆ ప్రాంతంలో పశువుల బేరం అలాగే తెగుతుంది. కోడెలు, ఎద్దులు, ఒక్కోసారి మంద మొత్తం అలా చేతి మీద చెయ్యి పడగానే కొన్నవాడివైపోతాయి. కాగితాల పని తర్వాత, తీరికున్నప్పుడు. ఒకసారి చెయ్యి వేసి మాట తప్పినవాడితో సంతలో ఎవడూ పలకడు. మార్సో పేరో డెబ్బై దాటిన మనిషి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాట తప్పలేదని చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే ఆయనే కూర్చోబెట్టి చెబుతాడు.

“ఇక గొంతు తడుపుకోవాలి,” అని వెనక్కి తిరిగి కేకేశాడు. “యజమానురాలా! సీసా!”

భార్యని ఆయన పిలిచే పిలుపు అది. అక్కడి రైతులందరూ పెళ్ళాలని అలాగే పిలుస్తారు. పిలిచి, తమ పని తాము చేసుకుపోతారు. ఒడెట్ ప్లమ్ పళ్ళ సారా సీసా, చిన్న గ్లాసులు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. ముందు భర్తకి, తర్వాత నదేజ్‌కి పోసి, సీసా పట్టుకుని అక్కడే నిలబడింది. నదేజ్ ఆవిడ వైపు చూసి నవ్వింది గానీ, నిజానికి ఆవిడని చూడలేదు. ఆ క్షణంలో ఆమెకి ఎదురుగా ఉన్న గోడలో కూడా తన ఇంటి గోడే కనబడుతోంది.

నదేజ్‌ది ఇంకొకరికి బదులు చేసే పని. ఏ రైతు మంచాన పడ్డా, ఏ రైతు పెళ్ళికో చావుకో ఊరెళ్ళినా, రైతుల సంఘం వాళ్ళు ఆమెని పంపుతారు. ఆ మనిషి తిరిగొచ్చేదాకా అతని పశువుల్ని ఆమె చూసుకుంటుంది. మార్సో భుజం దెబ్బతిన్నప్పుడూ అలాగే పంపారు. నలభై ఆరేళ్ళొచ్చాయి, ఇంతవరకూ ఎవరి అనుమతీ అడక్కుండా మేకు కొట్టుకోగల గోడ ఆమెకి లేదు. ఇప్పుడుంటున్నది మూతపడ్డ మెకానిక్ షెడ్డు మీది గది. దాన్ని ఎండాకాలం విహారానికొచ్చేవాళ్ళకి ఇచ్చుకుంటానని, ఈస్టర్‌కల్లా ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పేశాడు. ఈ సంగతి ఆ ఉదయం, కొట్టంలో ఎదురుకాళ్ళతో వస్తున్న దూడని లాగుతూ, మాట వరసకి అంది. లైటు పట్టుకుని నిలబడ్డ మార్సో, “దానికేం పిల్లా, మా క్లెమాన్స్ పిన్ని పోయాక ఆ ఇల్లు ఖాళీగానే ఉందిగా,” అన్నాడు. దూడ ఇంకా పూర్తిగా బయటికి రాలేదు. నదేజ్ దూడ కాళ్ళకి కట్టిన గొలుసు వదలకుండానే, “ఎంత?” అని అడిగింది.

మొంతెల్ చిన్న పల్లె, దాని చివర ఉంది ఆ ఇల్లు. కింద రెండు గదులు, పైన అటక, ఆనుకుని చిన్న పాక, వెనక కాస్త పెరడు. ఆయన చెప్పిన ధర, ఆయన షెడ్డులో ఉన్న ట్రాక్టరు ధరలో సగం కూడా ఉండదు. బ్యాంకు వాళ్ళు ఆమెకి ఇస్తామన్న అప్పులో సరిపోతుంది. పట్నం వాళ్ళు ఆ ఊళ్ళో ఏముందని కొంటారు గనక. కూలిపోతే రాళ్ళు ఏరుకోవాల్సిన ఇల్లు, మనిషి ఉంటే నిలబడుతుంది, అదే చాలు అన్నాడు మార్సో.

తలుపు వెనక మేకుకి తగిలించిన తాళంచెవి తీసి నదేజ్ చేతిలో పెట్టాడు. “వెళ్ళు, రేపట్నుంచే మొదలెట్టు. నోటరీ దగ్గర రిజిస్ట్రేషన్‌కి గురువారం పోదాం.”

“ఆ తాళం కొంచెం పైకెత్తి తిప్పాలి,” అంది ఒడెట్.

ఆ పూట ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట అదొక్కటే.

*

పశువుల పని మధ్యాహ్నానికి ముగించుకుని, చీకటి పడేదాకా నదేజ్ ఆ ఇంట్లోనే ఉండేది. ముందు కిటికీ తలుపులు. బిగుసుకుపోయిన కీళ్ళకి నూనె పోసి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా తట్టి, ఒక్కొక్కటే తెరిచింది. ఇంట్లోకి వెలుతురొచ్చాక చూస్తే నేల నిండా చచ్చిన ఈగలు, చిమ్మితే చేటెడు వచ్చాయి. అన్నిటి మీదా దుమ్ము ఉంది గానీ, పెరటి కిటికీ పక్కన వేసిన గడ్డి అల్లిక కుర్చీ ఒకటి మాత్రం శుభ్రంగా ఉంది. సంతోషంలో ఉన్నవాళ్ళకి ఇలాంటివి కళ్ళబడవు. నదేజ్ ఆ కుర్చీని పక్కకి జరిపి, దాని మీదే సుత్తీ మేకులూ పెట్టుకుంది.

తర్వాత పొగగొట్టం. ఇనప ముళ్ళ బ్రష్షుకి తాడు కట్టి, కప్పు మీదికెక్కి కిందికి దించింది. బ్రష్షు దిగుతూ దిగుతూ మధ్యలో ఆగింది. రెండుసార్లు లాగి వదిలేసరికి, కాకిగూడూ బుట్టెడు మసీ కలిసి పొయ్యిలోకి దబ్బున పడ్డాయి. మొహం నల్లగా చేసుకుని కిందికి దిగేసరికి రొట్టెల బండి హారన్ మోగింది.

బండి బ్రిజిట్‌ది. రోజూ పల్లెపల్లే తిరిగి రొట్టెలమ్ముతుంది, రొట్టెల్తో పాటు కబుర్లు కూడా.

“ఎవరే నువ్వు, దెయ్యానివా మనిషివా?” అంది నదేజ్ మొహం చూసి.

“ఇంటి ఓనర్ని.”

“అబ్బో! ఓనరమ్మ గారికి ఇక మీదట అరువు లేదు. ఇల్లు కొన్నోళ్ళందరూ అరువడుగుతారు, నాకు తెలుసు.” నవ్వి, పొడుగు రొట్టె ఒకటి చేతికిచ్చింది. “మార్సో చెయ్యి వేశాడటగా? అయితే సగం కాపురం పెట్టేసినట్టే. ఆయన చెయ్యి నోటరీ ముద్రకన్నా గట్టిది.”

“మిగతా సగం గురువారం.”

“ఆ వంటగది కప్పు చూసుకో. వానొస్తే క్లెమాన్స్ గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి పాపం.”

నదేజ్ రాత్రికి తినాల్సిన రొట్టెలో సగం మెట్ల మీద కూర్చుని అక్కడే తినేసింది. ఆ మెట్లు తనవి. చలికి మెట్టు చల్లగా తగులుతోంది, అయినా లేవబుద్ధి కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఒడెట్ వచ్చింది. నదేజ్ అప్పుడు సున్నం కలుపుతోంది, వంటగది గోడ రాళ్ళ సందులు పూడ్చడానికి. ఆవిడ చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది, అందులో బంగాళాదుంపలు కూరి కాల్చిన రొట్టె, ఇంకా వేడిగా ఉంది. “తిను,” అని బల్ల మీద పెట్టి, ఇల్లంతా ఒకసారి తిరిగింది. మెల్లగా, చేతులు వెనక్కి కట్టుకుని, సంతలో ఆవుని చూసే మనిషిలా తిరిగింది.

“పొయ్యి పొగ లాగుతోందా?”

“లాగుతోంది మదాం. ఇప్పుడు లాగుతోంది. కాకులు కాపురం పెట్టాయి అందులో.”

“పంపు?”

“వాషరు మార్చాలి. ఎల్లుండికి నీళ్ళొస్తాయి.”

ఒడెట్ అటక మెట్ల మీద కాలేసి, బరువంతా మోపి చూసింది. “ఇవి గట్టిగానే ఉన్నాయా? ముసలి కాళ్ళకి పనికొస్తాయా?”

“నేనింకా ముసలిదాన్ని కాలేదు మదాం,” అని నవ్వింది నదేజ్.

ఒడెట్ నవ్వలేదు. కింది గది కిటికీ దగ్గర నిలబడి, గోడ నుంచి గోడకి అడుగులు వేసింది. ఏదో కొలుస్తోంది. పిన్ని మంచం ఎక్కడుండేదో గుర్తు చేసుకుంటోంది కాబోలు అనుకుంది నదేజ్. చనిపోయినవాళ్ళ ఇల్లు చెయ్యి జారిపోతుంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఓదార్పుగా ఏదైనా అనాలనిపించింది. “ఇల్లు బాగా చూసుకుంటాను మదాం, మీరు దిగులు పెట్టుకోకండి,” అంది.

ఒడెట్ ఆమె వంక కాసేపు చూసింది. ఏదో అనబోయినట్టు పెదవి కదిలింది. “గిన్నె తర్వాత తెచ్చివ్వు,” అని వెళ్ళిపోయింది.

*

గురువారం ముగ్గురూ ఒకే కారులో టౌనుకి వెళ్ళారు. మార్సో చెయ్యి బాగోలేదు కాబట్టి ఒడెట్ నడిపింది. నదేజ్ తనకున్న ఒక్క మంచి కోటు వేసుకుని వెనక సీట్లో కూర్చుంది. గోళ్ళలో సున్నం ఎంత రుద్దినా పోలేదు.

నోటరీ చిన్న వయసావిడ. జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. కాగితం పైకి చదువుతూ మధ్య మధ్య ముక్కు తుడుచుకుంటోంది. స్థలం నంబరు, పెరటి హద్దులు, పాక, పొగగొట్టం అన్నీ చదివింది. “మదాం ఒడెట్ పేరోకి ఆమె పినతల్లి నుంచి వారసత్వంగా సంక్రమించిన స్వంత ఆస్తి,” అని చదివినప్పుడు మార్సో టోపీని మోకాలి మీద తిప్పుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనకి కొత్త కాదు. ఆవిడ సంతకం ఒకటి పడాలని తెలుసు కాబట్టే వెంట తీసుకొచ్చాడు, డ్రైవరుగా కూడా పనికొచ్చింది.

నోటరీ కలం ఒడెట్ వైపు తిప్పింది. “ఇక్కడ మదాం.”

ఒడెట్ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని పిడి రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. కదల్లేదు.

“పెట్టెయ్యి. దూడలకి పాల వేళవుతోంది,” అన్నాడు మార్సో. తల్లి చచ్చిన దూడలకి సీసాతో పాలు పట్టడం ఒడెట్ పని.

“నేను అమ్మడం లేదు,” అంది ఒడెట్.

గొంతు పెద్దది చెయ్యలేదు. కిటికీ వెయ్యమని అడిగినట్టు అంది. నోటరీ తల ఎత్తింది. “మళ్ళీ చెబుతారా మదాం?”

“ఈ ఇల్లు నేను అమ్మడం లేదు. అమ్ముతానని నేనెవరికీ చెప్పలేదు.”

మార్సో ముందు నవ్వాడు. “పరాచికాలాడుతోంది,” అని నోటరీతో అన్నాడు. నోటరీ నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నేను చెయ్యి వేశానే! దీని చేతిలో! నువ్వక్కడే ఉన్నావు, చూశావు!”

“నీ చెయ్యి నువ్వు వేసుకున్నావు,” అంది ఒడెట్.

నదేజ్ కుర్చీ అంచుకి జరిగింది. “మదాం,” అంది. నోటరీ కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి సర్ది పెట్టింది. అమ్మేది మదాం కాబట్టి ఆవిడ కాదంటే తను చేసేదేం లేదని, చేతుల మీద చరుచుకోవడం చట్టంలో ఎక్కడా రాసి లేదని, క్షమించమని చెప్పి, మళ్ళీ ముక్కు తుడుచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఒడెట్టే కారు నడిపింది. ఎప్పట్లాగే నెమ్మదిగా. ముందూ వెనకా ఒక్క బండీ లేకపోయినా, మొంతెల్ మలుపు దగ్గర సిగ్నలు వేసి మరీ తిరిగింది. వెనక సీట్లోంచి నదేజ్‌కి ఆవిడ మెడ కనబడుతోంది, ముడతలు పడి సన్నగా. ఆ మెడ పట్టుకుని ఊపెయ్యాలన్నంత కోపం వచ్చింది ఆమెకి.

*

సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

“పారిస్ వాళ్ళు,” అంది బ్రిజిట్ మర్నాడు, బండి కిటికీలోంచి సగం బయటికి వంగి. “మొన్నొక ఆకుపచ్చ కారు వచ్చింది చూడు. ఒడెట్‌తో చేతులూపుకుంటూ మాట్లాడారు, నేను కళ్ళారా చూశా. ఎక్కువ ఇస్తామనుంటారు. నోట్లో నాలుక లేని మనిషనుకున్నాం ఇన్నాళ్ళూ! తీరా చూస్తే ఇదీ సంగతి.”

“నిజంగా పారిస్ వాళ్ళేనా?”

“మరెవరే? మనోళ్ళు అంత మెత్తటి బూట్లేసుకుని బురదలో దిగుతారా?”

అదే వేళకి ఒడెట్ సంచీ పట్టుకుని వచ్చింది. బ్రిజిట్ ఆవిడని పలకరించలేదు. బుట్ట అడుగున చెయ్యి పెట్టి, అడుగు మాడిన రొట్టె వెతికి మరీ తీసి ఇచ్చింది. ఒడెట్ దాన్ని తిప్పి చూసుకుంది, ఏమీ అనకుండా చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నదేజ్‌కి అది చూసి హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా పడలేదు.

కొట్టంలో మార్సో ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. రాత్రి సరిగా నిద్రపోలేదేమో, గడ్డం గీసుకోలేదు. ఆయన్ని చూస్తే జాలేసింది. ఇల్లు అమ్ముడుపోలేదన్న బాధ ఆయనకి లేదు. చెయ్యి వేసి మాట తప్పినవాళ్ళలో తన పేరు చేరుతుందన్నదే ఆయన దిగులు.

“తల కొట్టేసినట్టుంది పిల్లా,” అన్నాడు. “ఈ బుధవారం సంతకి ఏ మొహం పెట్టుకుని పోను?”

నదేజ్ గడ్డి విదిలిస్తూనే ఉంది. “ఆవిడ అసలు ఎందుకొద్దంటోంది? మీరడిగారా?”

“అడగడమేంటి? రాత్రి నుంచి మాట్లాడ్డం మానేశా. రెండు రోజులు ఇలాగే ఉంటే దారికొస్తుంది. ఎప్పుడూ అంతే.” ఎడమ చేత్తో ఆమె భుజం తట్టాడు. “నువ్వు మాత్రం ఆ ఇంట్లో పని ఆపకు. రోజూ వెళ్ళు. సున్నం కొట్టు, కప్పు వెయ్యి. నువ్వు ఆపితే, తను అన్నదే అయిందనుకుంటుంది. ఇల్లు నీదైపోయినట్టే తిరుగు. ఆ తర్వాత నేను లొంగదీస్తా. ఎద్దుల్ని లొంగదీసినవాణ్ణి.”

వినడానికి ఆ మాట బాగోలేదు. నదేజ్‌కి అది తెలిసింది కూడా. కానీ ఆ వంటగది గోడలో సగం సందులు తను పూడ్చింది, పొగగొట్టం తను దులిపింది, ఈస్టర్ దగ్గరికొస్తోంది.

“సరే,” అంది.

*

మధ్యాహ్నం సున్నం బకెట్టుతో వెళ్ళేసరికి ఆ ఇంటి తలుపు తీసే ఉంది. గుమ్మంలోంచి పొగ వస్తోంది. నదేజ్ బకెట్టు వదిలేసి లోపలికి పరుగెత్తింది.

ఒడెట్ పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని దగ్గుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పొయ్యిలో తడి కట్టెలు బుసబుసమంటున్నాయి, పొగంతా గదిలోకే వస్తోంది.

“ఆ గొట్టం తలుపు తియ్యలేదు మీరు!” అని అరిచి, నదేజ్ ఆవిణ్ణి పక్కకి లాగి, గొట్టం మీది ఇనప పిడి పక్కకి తిప్పింది. పొగ ఒకసారి తటపటాయించి పైకి పోయింది. కిటికీ తెరిచింది. గాలి ఆడాక అప్పుడు చూసింది గదిని. గోడ వారన మడత మంచం వేసి ఉంది, దాని మీద దుప్పటి పరిచి ఉంది. కింద పాత సూట్‌కేసు ఒకటి, బంగాళాదుంపల సంచీ ఒకటి. మూలన గంపలో ఎర్రకోడి కూర్చుని, ఈ గొడవంతా తనకి పట్టనట్టు కళ్ళు మూసుకుంటోంది. ఆ ఆదివారం ఆవిడ అడుగులేసి కొలిచింది మంచానికని నదేజ్‌కి ఇప్పుడు తెలిసింది.

“మరి పారిస్ వాళ్ళు?”

“ఏ పారిస్ వాళ్ళు?” ఒడెట్ ఆప్రాన్ కొసతో కళ్ళు తుడుచుకుంది.

“ఆకుపచ్చ కారు.”

“వాళ్ళా! దారి తప్పారు. చెరువుకెటు పోవాలని అడిగారు, చెప్పాను.” ఆవిడ లేచి, గడ్డి అల్లిక కుర్చీ మీది మేకులు ఒకటొకటిగా తీసి కిటికీలో పెట్టి, కూర్చుంది. “ఆయన సంతకెళ్ళినప్పుడల్లా, పిన్ని నాకిచ్చిన ఇంకో తాళంచెవితో తలుపు తీసి, ఇక్కడికొచ్చి కూర్చునేదాన్ని. ఏం చేసేదాన్ని కాదు. ఊరికే కూర్చునేదాన్ని. ఎవరూ సీసా తెమ్మనేవాళ్ళు కాదు. పిన్ని పోయిన దగ్గర్నుంచీ అనుకుంటున్నా, ఆ పొయ్యి, ఆ పంపు బాగు చేయించుకుంటే ఇక్కడే ఉండిపోవచ్చని. ధైర్యం చాల్లేదు. నువ్వొచ్చి అన్నీ బాగు చేశావు.”

నదేజ్‌కి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “నాతో చేయించుకున్నారన్న మాట! నేను సున్నం కలుపుతుంటే చూస్తూ నిలబడ్డారు. దుంపల రొట్టె తెచ్చిచ్చారు. ఆ రోజే చెప్పొచ్చుగా మదాం? ఒక్క మాట! నోటరీ దాకా ఎందుకు రానిచ్చారు నన్ను?”

“చెబుదామనే వచ్చాను ఆదివారం. నీ మొహం చూసి చెప్పలేకపోయాను. అది నా తప్పే.” ఒడెట్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పెద్ద చేతులు, కీళ్ళ దగ్గర ఉబ్బాయి. “కానీ నువ్వొకటి చెప్పు. మీరిద్దరూ చేతులు చరుచుకుంటున్నప్పుడు నేను బల్ల దగ్గరే నిలబడి ఉన్నా. నీ గ్లాసులో సారా పోసింది నేను. ఇల్లు నాది. ఆయనంటే ఎప్పుడూ అడగలేదు, అడగడు. నువ్వూ ఆడదానివేగా. నువ్వెందుకడగలేదు?”

నదేజ్ చేతికంటిన మసి తుడుచుకుంది. బేరాలు మగాళ్ళతోనే కదా చేసేది. ఆమె పదిహేనేళ్ళుగా ఎన్నో కొట్టాల్లో పని చేసింది. ఎక్కడికెళ్ళినా ముందు అడిగేది “అయ్యగారు ఎక్కడ?” అనే. ఆ అలవాటే ఇప్పుడు ఎదురుగా నిలబడి మొహంలోకి చూస్తోంది.

బయట అడుగుల చప్పుడైంది. మార్సో వచ్చాడు, కొట్టంలో వేసుకునే రబ్బరు బూట్లతోనే, ఒగరుస్తూ. గుమ్మంలో ఆగి మంచాన్ని, సూట్‌కేసుని, కోడిని చూశాడు.

“అన్నం లేదు ఇంట్లో,” అన్నాడు.

ఒడెట్ కుర్చీలోంచి లేవలేదు.

“ఇంటికి పద. నలుగురిలో నవ్వులపాలు చేసింది చాల్లేదా?” అని, నదేజ్ వైపు తిరిగాడు. “నువ్వే చెప్పు పిల్లా. బేరం తెగింది, నేను కోర్టుకెళ్తానని చెప్పు. నష్టపరిహారం కట్టాల్సొస్తుందని చెప్పు. దీనికి కోర్టంటే భయం, నాకు తెలుసు.”

నిజమే. కోర్టు అన్న మాట వినగానే ఒడెట్ రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆవిడ నదేజ్ వైపు చూసింది. ఆ చూపులో భయం స్పష్టంగా ఉంది. చట్టంలో అలాంటిదేమీ లేదని నోటరీ చెప్పినా, నదేజ్ ఒక్కసారి గట్టిగా అంటే ఆవిడ సంతకం పెట్టేస్తుంది. నదేజ్‌కి అది తెలిసిపోయింది. ఒక్క అబద్ధం చాలు, ఈ గోడలు తనవైపోతాయి. సగం పూసిన సున్నం ఇంకా తడిగానే ఉంది. మెట్ల మీద కూర్చుని తిన్న రొట్టె రుచి కూడా ఇంకా గుర్తుంది. ఆ ఇల్లంటే ఎంత ఆశ ఉందో ఆమెకి ఆ క్షణంలోనే పూర్తిగా తెలిసింది.

“కోర్టు లేదు, ఏం లేదు,” అంది. “మీది కానిది మీరిచ్చారు మార్సో గారూ. నేను పుచ్చుకున్నాను. క్లెమాన్స్ ఎవరి పిన్నో నాకు తెలీదా? ఊరంతటికీ తెలుసు.”

“మరి నేను వేసిన చెయ్యి? నా మాట?”

“నేనే వద్దన్నానని చెప్పండి. సంతలో ఎవరడిగినా, నదేజ్ చెయ్యి వేసి తప్పుకుందని చెప్పండి. నాకు ఆ సంతలో అమ్ముకునే ఆవులేం లేవుగా.”

మార్సో గోడకి ఆనుకున్నాడు. చిన్న గొంతుతో, “దూడలకి పాలెవరు పడతారు మరి?” అన్నాడు.

“సంఘానికి ఫోన్ చెయ్యండి. మనిషి లేకపోతే మనిషిని పంపుతారు. మీకు నన్ను పంపలేదూ?”

“అది రైతు పడిపోతే కదా పంపేది. ఇది...” అని ఆగిపోయాడు.

“ఇది ఏంటి?” అని అడిగింది ఒడెట్.

మార్సో జేబులోంచి ఫోను తీసి, ఎడమ బొటనవేలితో తడబడుతూ నొక్కాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు కాబట్టి దూరంగా పట్టుకుని, మాటలు పైకి వినబడేలా పెట్టాడు. అవతల అమ్మాయి గొంతు హుషారుగా ఉంది. ఎవరికి బదులు కావాలని అడిగింది.

“మా ఆవిడకి.”

“అయ్యో. ఒంట్లో బాగోలేదా?”

మార్సో ఒడెట్ వైపు చూశాడు. “బాగానే ఉంది.”

“సరే. ఆవిడ రోజూ ఏమేం చేస్తారో చెప్పండి మిస్యూ పేరో, ఎన్ని గంటల మనిషిని పంపాలో చూస్తాను.”

“దూడలకి సీసాపాలు,” అన్నాడు మార్సో. “కోళ్ళు.” తర్వాత ఇంకేదో ఉందని ఆయనకి తెలుసు. నుదురు ముడిచి వెతుక్కున్నాడు. ఫోను ఎదురు చూస్తోంది. చివరికి దాన్ని కొంచెం కిందికి దించి, యాభై ఏళ్ళ కాపురంలో బహుశా మొదటిసారి, భార్యని అడిగాడు.

“ఏం చెప్పను?”

ఒడెట్ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. “పొద్దున్నే లేచి పొయ్యి రాజెయ్యడం,” అంది. మార్సో ఫోనులోకి ఆ మాటే చెప్పాడు. “దూడల సీసాలు కడగడం. పాలపొడి కలపడం, గోరువెచ్చగా, వేడి ఎక్కువైతే తాగవు.” అదీ చెప్పాడు. “వాటి కింద గడ్డి మార్చడం. ఈనబోయే ఆవుల్ని ఒకసారి చూసి రావడం. నీ బూట్లు కడిగి పొయ్యి దగ్గర పెట్టడం.” ఇక్కడ ఆయన ఒక్క క్షణం ఆగి, తన బూట్ల వంక చూసుకుని, అప్పుడు చెప్పాడు.

నదేజ్ తాపీ, బ్రష్షులు, నూనె డబ్బా సర్దుకుంది. తాళంచెవి ఒడెట్ పక్కన కిటికీలో పెట్టింది. బయట నిచ్చెన ఎత్తి తన బండి మీదికి చేర్చింది. చేతులు పని చేస్తున్నాయి గానీ, కళ్ళకి ఏమీ సరిగా కనబడటం లేదు. ఈ పూట ఆ మెకానిక్ షెడ్డు మీది గదికే వెళ్ళాలి, ఈస్టర్ తర్వాత ఎక్కడికో తెలియదు. ఏడుపొచ్చింది. ఎవరూ చూడటం లేదు కాబట్టి ఏడ్చింది.

తెరిచి ఉన్న తలుపులోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. ముందు ఒడెట్ గొంతు, వెంటనే, అప్పజెబుతున్నట్టు, మార్సో గొంతు. నదేజ్ నిచ్చెనకి తాడు నాలుగు చుట్లు చుట్టి, ముడి బిగించి, మొహం తుడుచుకుని, బండెక్కింది. అప్పటికి ఒడెట్ ఇంకా మధ్యాహ్నం పనుల దాకా రాలేదు.